నాన్న నీళ్ళు పోసిన బావి

మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు ఫోన్ చేసి, మెరక చేలో ఉన్న పాత బావిని పూడ్పించేస్తున్నాననీ, రాళ్ళూ మట్టీ తోలడానికి ట్రాక్టరు కూడా మాట్లాడాననీ, ఇంటికి పెద్దదాన్ని గనుక ఓ మాట నా చెవిన వేద్దామని చేశాననీ చెప్పాడు. చుట్టూ తుమ్మచెట్లు పెరిగి పాములు చేరాయట, మేకలు పడుతున్నాయట. “ఒట్టి గొయ్యి అక్కా, ఎండాకాలంలో అందులో చెంబుడు నీళ్ళు చూసిన పాపాన పోలేదు” అన్నాడు. నందిగామలో మా వరండాలో కూర్చుని కాఫీ తాగుతున్న నాకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. వాడి తప్పేం లేదు లెండి. హాస్టళ్ళలో చదువుకుని, కంచికచర్లలో ఎరువుల కొట్టు పెట్టుకుని, బాబాయి పోయాక ఈ మధ్యనే చేను మొహం చూశాడు. రేపు పొద్దున్నే వస్తున్నా, నేనొచ్చేదాకా ఒక్క తట్ట మట్టి కూడా పోయించకు అని ఫోన్ పెట్టేశాను కానీ, ఆ బావి కథ వాడికి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. ఎందుకంటే అది జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్ళో మొదలైన కథ కాదు, గుజరాత్‌లో మొదలైంది.

నేను ఉద్యోగం చేసింది అక్కడ ఒక పాత చమురు క్షేత్రంలో. ఆ రోజుల్లో ఆడపిల్ల చమురు బావుల దగ్గర ఉద్యోగం అంటే మా చుట్టాలకి ఎంత వింతో చెప్పలేను. భూమికి చిల్లు పెడితే నూనె ఫౌంటెన్‌లా చిమ్ముతుందనీ, మేమంతా బకెట్లు పట్టుకుని నిలబడతామనీ వాళ్ళ ఊహ. సెలవులకి వచ్చినప్పుడల్లా మా మేనత్త, అయితే మీకు కిరసనాయిలు కొనే పని లేదన్నమాట అనేది. నిజానికి నేను చేరేనాటికే ఆ బావులు ముసలివైపోయాయి. చమురు భూమి లోపల చెరువులా నిలవ ఉండదు, తడిసిన ఇటుకలో నీరులాగా ఇసుకరాయి సందుల్లో దాక్కుని ఉంటుంది. కొత్తలో తన ఒత్తిడికి తనే తన్నుకుని పైకొస్తుంది, ఆ ఊపు తగ్గాక పంపు పెట్టి తోడాలి, అప్పుడు కూడా ఆశపడి గట్టిగా లాగామా, అడుగునున్న నీళ్ళు ముందుకొచ్చేసి నూనె వెనకే ఉండిపోతుంది. కొత్త బావి తవ్వినవాళ్ళకి ఫోటోలూ దండలూనూ. మా పని మాత్రం ఒట్టిపోయే గేదెని బుజ్జగించి ఇంకో పూట పాలు పిండుకోవడం లాంటిది. అయినా సరే, నాకు ఆ పనే నచ్చింది.

నా చేతికి అప్పగించిన బావుల్లో ఒకటి పూర్తిగా చెడింది. పంపు పొద్దస్తమానం తల ఊపుతూనే ఉండేది, వచ్చేవి మాత్రం ఉప్పునీళ్ళే. సిమెంటు పోసి మూసేద్దాం అన్నారు కొందరు. చాలా తర్జనభర్జన జరిగాక, మూసే బదులు దాన్లోకి నీళ్ళు ఎక్కించి చూద్దామని అందరం అనుకున్నాం. ఆ నీళ్ళు రాతి సందుల్లోంచి నెమ్మదిగా పాకుతూ, మిగిలిపోయిన నూనెని చుట్టుపక్కల బావుల వైపు నెట్టుకుంటూ పోతాయి. పోసేది అద్దంలాంటి నీరై ఉండాలి, కాస్త మురికి పోయినా సందులు పూడుకుపోయి ఉన్నదీ చెడుతుంది. అందుకని వడపోతల మీద వడపోతలు. ఆపైన ఓపిక పట్టాలి. నెలల తరబడి ఏమీ జరగదు, పైవాళ్ళేమో ఏమైందమ్మా, ఏమైందమ్మా అని అడుగుతూనే ఉంటారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న నా దగ్గర కొన్నాళ్ళు ఉండటానికి వచ్చాడు. రావడమైతే వచ్చాడు గానీ మనిషి మనిషిలా లేడు. పంపకాల్లో మెరక చేలో బావి నాన్నకీ, దిగువ చేలో బావి బాబాయికీ వచ్చాయి. మిరపకి నీళ్ళు చాలడం లేదని నాన్న పెద్ద మోటారు బిగించేసరికి బాబాయి బావిలో నీళ్ళు దిగిపోయాయి. అన్నవి, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా అని బాబాయి నలుగురిలో అనేశాడు, నాన్న కూడా మాట తూలాడు. అంతే, మాటలు ఆగిపోయాయి. ఎదురుపడితే ఒకరు దారి మళ్ళేవారు. చివరికి నాన్న బావీ ఎండింది. అన్నదమ్ములిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు.

ఒకరోజు నాన్నని బావుల దగ్గరికి తీసుకెళ్ళి ఈ నీళ్ళు ఎక్కించే తతంగమంతా చూపించాను. ఆయనకి బావులంటే ప్రాణం కదా, గంటసేపు కదల్లేదు. చివరికి ఒక్కటే అడిగాడు.

“పోసేది ఇక్కడ, వచ్చేది పక్క బావుల్లోనా? మరి ఈ బావికేంటమ్మాయ్?”

“పైన చూస్తేనే ఇన్ని బావులు నాన్నా. కింద అంతా ఒకటే రాయి” అన్నాను.

నేనేదో పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన మాత్రం దాన్ని మనసులో పెట్టుకుని ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళీ వెళ్ళగానే వేదాద్రి వైపు గుట్టల మీంచి దిగే వాననీటికి కాలువ తీసి, తన ఎండిన బావిలోకి మళ్ళించాడు. అయితే రైతు బుద్ధి ఎక్కడికి పోతుంది? చేలకి ఎర్రటి వండ్రునీరే బలం కదా, బావికీ అదే మంచిదనుకుని, తొలివాన బురదనీళ్ళే ముందుగా వదిలాడు. వండ్రంతా అడుగున మెత్తగా పేరుకుని ఊట సందులన్నీ మూసుకున్నాయి. నీళ్ళు ఇంకక బావిలోనే నిలిచి పాచిపట్టాయి. ఊళ్ళో నవ్వుకున్నారు, పిచ్చి పట్టిందన్నారు. ఆ సంగతి తెలిసి నేను సెలవు పెట్టుకుని పరుగెత్తుకొచ్చాను. పూడిక తీయించి, కాలువకీ బావికీ మధ్య గుంత తవ్వించి, కంకరా ఇసకా పరిపించి, వడకట్టుకున్న నీళ్ళే లోపలికి దిగేలా చేశాం. అప్పటికి నా చమురు బావి చుట్టుపక్కల బావుల్లో నూనె నెమ్మదిగా పెరుగుతోంది. అందుకే నాన్నతో ధైర్యంగా చెప్పగలిగాను, కాస్త ఆగండి అని.

ఆ మరుసటి ఎండాకాలం ఊళ్ళో బావులన్నీ నోళ్ళు తెరిచినా బాబాయి బావిలో నీళ్ళు నిలిచాయి. మిరప నిలబడింది. ఊరకే ఇలా ఎందుకు జరుగుతుందని ఆయనకీ అనుమానం వచ్చినట్టుంది, కాలువ వెంబడి నడుచుకుంటూ మెరక చేలోకి వచ్చాడు. సెలవులకి వచ్చిన నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి బావిలోకి తొంగి చూశాడు, గుంతకేసి చూశాడు.

“నీ బావిలో చుక్క లేదు గదన్నయ్యా” అన్నాడు.

“నీ దాంట్లో ఉన్నాయిగా” అన్నాడు నాన్న.

బాబాయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మా ఇంట్లో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు. ఆ తరవాత నాన్న చేనుకి కూడా బాబాయి బావి నుంచే నీళ్ళు పారాయి. నాన్న పోయాక మా మెరక చేను కూడా బాబాయే చూసుకున్నాడు, ఆ గుంతలో కంకర ఏటా మార్పించేవాడు.

సోమవారం పొద్దున్నే చేనుకి వెళ్ళేసరికి ట్రాక్టరు వచ్చి ఉంది. మా తమ్ముణ్ణి కాలువ వెంట నడిపించి, గుంత చూపించి, దిగువ చేలో బాబాయి తన బావి పక్కనే వేయించిన బోరు ఏ ఎండాకాలమూ ఎందుకు ఒట్టిపోవడం లేదో చెప్పాను. బోరు వేసినవాళ్ళ చేయి మంచిదనుకున్నానక్కా అన్నాడు సిగ్గుపడుతూ. కాసేపు బావిలోకి చూస్తూ నిలబడి, అచ్చం ఆనాడు నాన్న అడిగినట్టే అడిగాడు.

“మరి పెదనాన్నకేం మిగిలిందక్కా?”

“మీ నాన్న మిగిలాడురా” అన్నాను.

వాడు డ్రైవరుతో ఏదో చెప్పి ట్రాక్టరు వెనక్కి పంపించేశాడు. తిరిగొస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూస్తే దారి పొడుగునా బోర్లే బోర్లు, ఎవరి మోటారు పెట్టెకి వాళ్ళ తాళం. మన రోజుల్లో బావి దగ్గర తగాదాలు పడేవాళ్ళం, నిజమే, కానీ ఆ బావి దగ్గరే మళ్ళీ కలుసుకునేవాళ్ళం. ఇప్పుడు చేలో నీళ్ళుంటే అదృష్టం అంటున్నారు. ఎవరు పోశారని అడిగేవాళ్ళే లేరు.