రికార్డు చేసి ఇచ్చినాయన

ఆ ముసలాయన పేరు నేను అడగలేదు. గల్ఫ్‌లో, మనామా సిటీ బస్సులో నా పక్కన కూర్చుని, రెండు పాదాలూ మార్చి మార్చి నేలకేసి నొక్కుతున్నాడు. నొప్పులా అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. కాదట. కొడుకును చూడ్డానికి ఇక్కడికి వచ్చాడట. జర్మనీలో ఒక చర్చిలో నలభై ఏళ్ళు ఆర్గాన్ అనే పెద్ద వాద్యం వాయించాడట, చేతులతోనూ కాళ్ళతోనూ. పాడేవాళ్ళకు పాట నేర్పింది కూడా ఆయనేనట.

"ఇప్పుడు మానేశారా?"

"చర్చి వాళ్ళు పాటలన్నీ ఒకసారి వాయించి రికార్డు చేసిపెట్టమన్నారు. చేసిచ్చాను. ఇప్పుడు బటన్ నొక్కితే నా వాయింపే వస్తుంది. ఇక నేనెందుకు?" అని కిటికీ వైపు తిరిగాడు.

ఆ ఊళ్ళోనే గుదైబియా పేటలో నేను పదకొండేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న లాండ్రీ వాళ్ళు ఆ వారమే నన్ను ఇంటికి పంపేస్తున్నామన్నారు. పోయేలోగా కొత్తాయనకు పని నేర్పమన్నారు. ఆయనది మా జగిత్యాల పక్కనే. ఆ బస్సెక్కిన మర్నాడు ఆయనకు అన్నీ చూపించాను. బాయిలర్ చప్పుడు మారగానే వేడి తగ్గించకపోతే అరబ్బుల తెల్ల చొక్కాలు మాడిపోతాయని మాత్రం చెప్పలేదు.

"ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అని అడిగాడాయన.

"ఖలాస్. గంతే," అన్నాను.