ఆగి ఉన్న మిషను మీద కరిగిన మైనం

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని ఏడిపించడం నాకు చిన్నప్పట్నుంచీ సరదా. ఇప్పుడు నేను చెప్పేది దెయ్యమని అనను. మరేమిటో విని మీరే చెప్పండి.

అరవైల చివర్లో విజయనగరం దగ్గర ఒక జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసేవాణ్ణి. మా అక్క మొగుడు సింహాచలం బావ అక్కడే ఆయిల్‌మాన్. మగ్గాల్ని తిప్పే పెద్ద షాఫ్టు పైన, గోడ వెంబడి ఉండేది. దాన్ని మోసే బేరింగులు వేడెక్కితే పగిలిపోతాయి. అందుకని ఒక్కోదాని నెత్తిన కొవ్వొత్తి మైనం ముద్ద అంటించేవాళ్లం. మైనం జారిందంటే మిషను ఆపాల్సిందే. మోటారు పక్కనున్న బేరింగుకి కొత్తగా ముల్లు థర్మామీటరు కూడా బిగించారు. మిషను వేసేటప్పుడు బావ నూనెడబ్బాతో సరిగ్గా దాని పక్కనే, పలక మీద నిలబడాలి.

ఆ ఏడు దసరాకి ముందురోజు సాయంత్రమే మిల్లు ఆపేశాం. పానాలు, సుత్తులు కడిగి ఆయుధపూజలో పెట్టాం. పండగ వెళ్లిన మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు.

పండగ మధ్యాహ్నం బేరింగులకి బొట్లు పెడదామని పైకెక్కాను. మోటారు పక్కదాని మీద మైనం కరిగి ధారలు కట్టింది. ముల్లు ఎర్రగీత దాటి ఉంది. భయంభయంగా అరచెయ్యి ఆనించాను. కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

బావని పిలిచి చూపించాను.

"ఆగిపోయున్న మిసను ఎలాగ కాగుతాదిరా? పులిహోర ఎక్కువ తినీసినావేటి?" అని నవ్వాడు.

విప్పుదామంటే పానాలు పూజలో ఉన్నాయి. ఫోర్‌మన్‌ని అడిగితే పూజ చెడగొడతావా అని కసిరాడు. మళ్లీ మైనం అంటించి దిగిపోయాను.

మర్నాడు పొద్దున్న మైనం చెక్కుచెదరలేదు. ముల్లు కిందికి దిగిపోయింది. అయినా విప్పుదామన్నాను. ఫోర్‌మన్ వినలేదు. కొబ్బరికాయ కొట్టారు. బావ పలక ఎక్కబోయాడు. నడుం పట్టుకుని కిందికి లాగేశాను.

"ఒగ్గీరా! నలుగురూ సూస్తన్నారు!" అని తిట్టాడు.

మేం పెనుగులాడుతుండగానే మోటారు వేసేశారు. షాఫ్టు అలా తిరిగిందో లేదో ఫెళ్లుమంది. బేరింగు పైముక్క పలక మీదుగా దూసుకెళ్లి, నిలబడ్డ మనిషి రొమ్మెత్తున గోడలో దిగబడింది. బావ నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

తరవాత ముక్కలు ఏరి చూశాం. లోపలి లోహపు పూత కరిగి కారి, షాఫ్టుకి పట్టేసి గడ్డకట్టి ఉంది. ముక్కలన్నీ చల్లగా ఉన్నాయి. ఆ కాస్త తిరిగినందుకు అది కరగదని ఇంజనీరే అన్నాడు. మిల్లు ఆపిన సాయంత్రం దాకా నున్నగా తిరిగిన బేరింగు అది.

అంటే పండగనాడే కరిగుండాలి. అమ్మవారి చలవ అంది అక్క. నేను కాదనలేదు. అయినా ఒక్కటి మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు. లోపల లోహం నీళ్లలా కరిగిపోతుంటే, దాని మీద అరచెయ్యి వేసి నిలబడ్డవాణ్ణి నేను. నా చెయ్యి ఎందుకు కాలలేదు?