ఆరమన్నా ఆరని హీటరు

స్టవ్వుల డాక్టరు ఎవరింటికీ వెళ్ళడు. "రోగి నా దగ్గరికి రావాలిగానీ, నేను రోగి చుట్టూ తిరగడమేంటి?" అంటాడు. రోగి అంటే స్టవ్వో, గీజరో, గ్యాస్ హీటరో. వీధి మలుపులో రేకుల షెడ్డే ఆయన ఆస్పత్రి. మూడువైపులా గోడలు, నాలుగోవైపు రోడ్డు. చలికి చేతులు కొంకర్లు పోతున్నా సరే, షట్టరు సగమైనా దించడు. దించితే తన పనితనం జనం చూసేదెలా మరి! ముక్కుమీదే ఉంటుంది కోపం. బాగుచేసిన వస్తువు తిరిగొచ్చిందంటే ఆ పూట ఇంట్లో ఆవిడకి కూడా చీవాట్లు తప్పవు.

అలాంటిది, ఒక హీటరు తిరిగి తిరిగి మూడోసారి వచ్చింది. చిన్న సిలిండరు తగిలించుకుని ఎక్కడికైనా మోసుకెళ్ళే రకం. తెచ్చింది పక్క వీధిలో బట్టలు కుట్టే ఆవిడ. వాళ్ళక్కకి ఆయాసం, చలి బొత్తిగా పడదు.

"వెలుగుతుంది అన్నయ్యా. కాసేపయ్యాక దానంతటదే ఆరిపోతుంది. అక్క వణికి చస్తోంది."

డాక్టరు వెలిగించాడు. భేషుగ్గా వెలిగింది. ఆయన టీ తాగొచ్చినా వెలుగుతూనే ఉంది. మొదటిసారి మసి పట్టిన బర్నరు తోమాడు. రెండోసారి, మంట వేడి తగిలితేనే గ్యాసు వదిలే పుల్ల ఒకటుంటుంది, అది కొత్తది వేశాడు. ఇంకేముంది మార్చడానికి, నా తలకాయ!

"నీకు వెలిగించడం రావట్లేదేమోనమ్మా."

"మిషను మీద బతికేదాన్ని, మీట నొక్కడం రాదా నాకు? ఒక్కసారి మా ఇంటికొచ్చి చూడు."

"నేను ఇళ్ళకి రాను."

రోడ్డు మీద ఇద్దరు ఆగి మరీ వింటున్నారు. డాక్టరుకి చిర్రెత్తుకొచ్చింది. హీటరు విప్పి, గ్యాసు ఆపే వాల్వు మూసుకోకుండా లోపల చిన్న ఇత్తడి ముక్క ఇరికించాడు. చేయకూడని పనని తెలుసు. తెలిసే చేశాడు.

"తీసుకెళ్ళు. ఇక ఆరమన్నా ఆరదు."

ఆవిడ మొహం చాటంతయింది. "నీ కడుపు చల్లగుండ, ఇంటికెళ్ళగానే వెలిగిస్తా. గదిలో చీమ దూరే సందైనా లేదు తెలుసా! కిటికీ చుట్టూ, తలుపు కింద, అంతా గుడ్డముక్కలు కుక్కేశాను. అయినా పొద్దున లేస్తే అక్కకి తల పగిలిపోతోందట. ఎక్కణ్ణుంచో గాలి కొడుతున్నట్టుంది." హీటరు చంకనేసుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు ఇంకో స్టవ్వు ముందేసుకున్నాడు. విప్పాడు, కడిగాడు, బిగించడం మొదలుపెట్టాడు. చీమ దూరే సందైనా లేదన్న మాట అప్పుడు బుర్రకెక్కింది. గాలాడని గదిలో, మనుషులకి ఊపిరాడకుండా పోయే లోపే గ్యాసు కట్టేయడానికే కదా ఆ వాల్వు! ఇక్కడెందుకు ఆరుతుంది, రోడ్డంత గాలి ఉంటే? పై ప్రాణాలు పైనే పోయాయి. కొట్టు బార్లా వదిలేసి పరుగెత్తాడు.

ఆవిడ ముందుగదిలో మిషను తొక్కుతోంది.

"మీ అక్కేదీ?"

"లోపల వెచ్చగా పడుకుంది. ఎంత బాగా వెలుగుతోందో..."

మాట పూర్తికాకుండానే తలుపు తోశాడు. హీటరు ఎర్రగా వెలుగుతోంది. పిలిస్తే మంచం మీది మనిషి పలకలేదు. సిలిండరు కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, ఇద్దరూ కలిసి ఆమెని వాకిట్లోకి మోసుకొచ్చారు. చెల్లెలు చెంపలు తడుతూ గొల్లున ఏడ్చింది. కాసేపటికి అక్క దగ్గింది, కళ్ళు తెరిచింది, చలేస్తోందని విసుక్కుంది. డాక్టరు గడప మీద కూలబడ్డాడు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నాడు. ఆ తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"హీటరుకి జబ్బేమీ లేదమ్మా. మిమ్మల్ని కాపాడ్డానికే ఆరేది. దాన్ని చెడగొట్టింది నేనే."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"ఇన్నిసార్లు తెచ్చాను కదన్నయ్యా. దీన్ని ఎలాంటి గదిలో పెడుతున్నావని ఒక్కసారైనా అడిగావా?"

"అడగలేదమ్మా," అన్నాడు డాక్టరు.