రాజన్నను తీసేసిన సాయంత్రం

మొన్న మంగలి కొట్టు ముందునుంచి వస్తున్నాను. లోపల టీవీలో ఏదో ఆట నడుస్తోంది. గడ్డం సబ్బు వాసన వీధిలోకి కొడుతోంది. ఉన్నట్టుండి ఒకడు తొడ చరిచి, "తీసేయాల! ముందు వాణ్ణి తీసేయాల!" అని అరిచాడు. ఏ జట్టో, ఎవరి గురించో నాకు తెలియదు. కరివేపాకు కట్ట చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. చెవులు వేడెక్కాయి. ముప్పై ఏళ్ళు దాటిపోయాయి, అయినా ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం పాదాల నుంచి లేస్తుంది. అది రాజన్న కోసం లేచే కోపం.

రాజన్న మీకెవరికీ తెలియదు. జగిత్యాల దగ్గర పల్లెటూరు మనిషి. కువైట్‌లో కట్టే బిల్డింగులకు ఇనుప కడ్డీలు వంచి, తీగతో బిగించే పని. నలభై దాటిన వయసు, పొట్టి మనిషి, మోకాళ్ళు అరిగిపోయి నడకలో కొంచెం ఊగేవాడు. ఖైతాన్‌లో మా కడప వాళ్ళూ తెలంగాణ వాళ్ళూ కలిసి ఉండే పాత బిల్డింగు ఒకటి ఉండేది. దాని వెనక ఇసుక జాగాలో శుక్రవారం ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు. ఆ జట్టుకు మధ్యలో ఆడేది రాజన్న. బంతి ఎటునుంచి వచ్చినా ముందు ఆయన కాలికి రావాలి, అక్కడినుంచే ఇంకొకరికి పోవాలి. నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేము మామా అని పిలిచే ఆమె, మంచిది, రెండు వారాలకొకసారి శుక్రవారం మధ్యాహ్నం నన్ను వదిలేది. నేను వచ్చి మెట్ల మీద కూర్చుని ఆట చూసేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, కాలి కాడికొచ్చిన బంతిని ఊరికే ఇచ్చేస్తాండావు. నువ్వే కొట్టగూడదా?"

"నేను కొడితె ఒక్కసారి వడ్తది చెల్లె. ఎవల ముందట జాగ ఉన్నదో చూసి వాళ్లకిస్తె నాలుగుసార్లు వడ్తది."

"మరి పేరు వాళ్ళకే గదా?"

"పేరు దీస్కొని ఏం జేస్త, సందూకుల పెట్టుకుంటనా?" అని నవ్వాడు.

ఆ జట్టులో ఒక ఆచారం ఉండేది. మధ్యలో ఎవరు ఆడితే వాళ్ళే కెప్టెన్. సులైబియా గోదాముల వాళ్ళతో ఆడటానికి పఠాన్ డ్రైవరు బస్సులో పోయేవాళ్ళు. అందులో ఎవరు ఎక్కాలో కాగితం మీద రాయించి తెచ్చేది కెప్టెనే. పఠాన్ ఇంకెవరి మాటా వినేవాడు కాదు. "కెప్టెన్ చెప్పినవాడే ఎక్కాలి, ఖలాస్" అనేవాడు. ఉన్న కెప్టెన్‌ను వద్దనుకుంటే ఆట చూసేవాళ్ళు కూడా చేతులెత్తి మార్చుకోవచ్చు. అదీ ఆచారమే. శుక్రవారం సరదా కోసం పెట్టుకున్న ఈ రెండు ఆచారాల మీద మా ఏడుగురి ప్రాణాలు వేలాడే రోజు వస్తుందని ఎవరనుకున్నారు?

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు మా మామా వాళ్ళు సెలవులకు వేరే దేశంలో ఉన్నారు. అంత పెద్ద ఇంట్లో నేనొక్కదాన్నే. సైనికులు వచ్చి ముందు కార్లు తీసుకుపోయారు, తర్వాత ఏసీలు పీక్కుపోయారు. మూడో రోజు వెనక గేటు దగ్గర ఎవరో "చెల్లె, చెల్లె" అని పిలిచారు. చూస్తే రాజన్న. చెక్‌పోస్టులు దాటుకుంటూ ఖైతాన్ నుంచి ఎండలో నడిచి వచ్చాడు.

"బట్టలు మూటగట్టుకో. ఈడ ఒక్కదానివి ఉండుడు మంచిది గాదు."

"పాస్‌పోర్టు మా కఫీల్, ఆ ఇంటాయన, బీరువాలో ఉండాది అన్నా. తాళం వాళ్ళ కాడ ఉండాది."

"పాస్‌పోర్టు సంగతి తర్వాత. ముందుగాల్ల నువ్వు నడువు."

అలా వారం రోజుల్లో నాతో కలిపి ఏడుగురు ఆడ పనిమనుషులను ఒక్కొక్కరిగా ఆ బిల్డింగుకు చేర్చాడు. అందరి పాస్‌పోర్టులూ యజమానుల దగ్గరే ఉండిపోయాయి. మగవాళ్ళు ఒక గది ఖాళీ చేసి మాకిచ్చారు. అబద్ధం ఎందుకు చెప్పాలి, సిద్ధయ్య తన పరుపు కూడా ఇచ్చాడు. సిద్ధయ్యది మా పక్క ఊరే, రాయచోటి వైపు. ఇరవై ఆరేళ్ళ వాడు, గుర్రంలా పరిగెత్తేవాడు. మధ్యలో ఆడాలని వాడికి ఎప్పటినుంచో ఉండేది.

సెప్టెంబరుకు జనమంతా జోర్డాన్ దారి పట్టారు. పఠాన్ ఒప్పుకున్నాడు, మా బిల్డింగు వాళ్ళను సరిహద్దు దాకా తీసుకుపోతానన్నాడు. మామూలుగానే, కెప్టెన్ కాగితం తేవాలన్నాడు. రాజన్న రాయించిన కాగితంలో మొదటి ఏడు పేర్లు మావే. అప్పుడే ఒక పుకారు వచ్చింది. పాస్‌పోర్టు లేని ఒక్క మనిషి కోసం బస్సు మొత్తాన్ని సరిహద్దు నుంచి వెనక్కి పంపారట. చూసినవాడు ఎవడూ లేడు, విన్నవాళ్ళే అందరూ. ఆ రోజునుంచి మెట్ల మీద మేము ఎదురుపడితే మగవాళ్ళు తల దించుకుని పోయేవాళ్ళు. పాస్‌పోర్టు పోయినవాళ్ళకు మన ప్రభుత్వం తరఫున బదులు కాగితం ఇస్తున్నారని తెలిసి, రాజన్న పొద్దున్నే సిటీలోని మిర్కాబ్ పోయి మా కోసం వరసలో నిలబడేవాడు. వేలిముద్ర వేయాల్సిన రోజు మమ్మల్నీ వెంట తీసుకుపోయాడు. కాగితం చేతికి రావడానికి ఇంకా తిరగాలన్నారు.

ఆ శుక్రవారం, ఊరికే రేడియో పెట్టుకుని కూర్చోలేక, సులైబియా నుంచి వచ్చి పక్క వీధిలో తలదాచుకున్న వాళ్ళతో మనవాళ్ళు ఆట పెట్టుకున్నారు. రాజన్న మిర్కాబ్‌లో ఉన్నాడు. సున్నాకు మూడు గోల్స్‌తో ఓడిపోయారు.

మర్నాడు సాయంత్రం మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు నీడలో పంచాయితీ పెట్టారు. రాజన్న ఆ పొద్దు కూడా మిర్కాబ్‌లోనే ఉన్నాడు. నేను మెట్ల తలుపు దగ్గర, రాజన్న ముందురోజు ఎక్కడినుంచో సంపాదించుకొచ్చిన రొట్టెలు పంచుతున్నాను. ఆ రొట్టె నములుతూనే మొదలుపెట్టారు.

"రాజన్న పని ఖలాసప్పా. ఆ మోకాళ్ళు చూసినారా? ఒంటె మోకాళ్ళు," అన్నాడు సుబ్బన్న. టీ కొట్టు నడిపే పెద్దమనిషి, ఆట గురించి తీర్పులన్నీ ఆయనవే.

"ఒంటైనా పరిగెత్తుతాది మామా!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

నిజామాబాద్ అతనొకడు లేచాడు. "గా ఒంటె లేకనే గద నిన్న మూడు తిన్నరు? ఆయన ఉన్నప్పుడు ఎన్నడన్న గిట్ల తిన్నరా?"

"ఉన్నప్పటి సంగతి కాదు," అన్నాడు సిద్ధయ్య. "ఉండాల్సిన దినం లేడు. కెప్టెన్ అనేటోడు జట్టును చూసుకోవాల. ఊర్లో వాళ్ళందర్నీ నెత్తికెత్తుకుంటే ఎట్ల?"

"సిద్ధయ్య మధ్యలో ఆడితే ఆట స్పీడుగా ఉంటాది. జట్టంటే ముందుకు పోవాల గానీ, ఎవురికో ఒకరికోసరం నిలబడి చూడగూడదు," అన్నాడు సుబ్బన్న.

అందరికీ తెలుసు అది ఏ ఆట గురించో. కెప్టెన్ మారితే కాగితం మారుతుంది, కాగితం మారితే మేము బస్సులో ఉండము. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఆ మాట పైకి అనలేదు. "మాకు భయంగా ఉంది, మీ వల్ల మేమూ చిక్కుకుంటాం" అని ముఖం చూసి చెప్పి ఉంటే నేను అర్థం చేసుకునేదాన్ని. భయం తప్పు కాదు, నాకూ ఉండింది. ఏడుగురు ఆడవాళ్ళను ఎడారిలో వదిలేసే మాటను గోల్స్ కింద, మోకాళ్ళ కింద దాచిపెట్టి, నవ్వుకుంటూ మాట్లాడారు. దాన్ని ఎలా క్షమించాలి?

నేను రొట్టెల గంప కింద పెట్టాను. "అన్న నిన్న ఊరికే మానుకోలేదు. మా కాగితాల కోసం మిర్కాబ్‌లో నిలబడుకోనుండాడు. అందుకే ఆటకు రాలేదు," అన్నాను.

రొట్టె నమిలే నోళ్ళు ఆగాయి. తర్వాత సుబ్బన్న చేతులు చాచాడు. "విన్నారా? ఆయమ్మే చెప్పేసింది. జట్టుకంటే ఆయప్పకు వేరే పనులు ఎక్కువైపోయినాయి. ఇంక సాక్ష్యం కావాల్నా?"

నా మాటే ఆయన మీదికి రాయి అయింది. తీసేయాలన్నవాళ్ళను చేతులెత్తమన్నారు. లెక్కపెట్టే పని కూడా లేకపోయింది. ఆట చూసినవాళ్ళందరూ చేయెత్తవచ్చన్నది ఆచారం కదా, నేనూ చూశాను కదా అని, రాజన్నే ఉండాలంటూ నా చేయి ఎత్తాను. సిద్ధయ్య పక్కన ఉన్నవాడు, "ఓబులక్కా, రొట్టెలు అయిపోయినాయా?" అని అడిగాడు.

అప్పుడే రాజన్న మెట్లెక్కి వచ్చాడు. చొక్కా చెమటకు వీపుకంటుకుని ఉంది. ఆ రోజే చేతికొచ్చిన మా కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి పట్టుకున్నాడు. సంగతి చెప్పారు. ఆయన జేబులోంచి బస్సు కాగితం తీసి సిద్ధయ్యకు ఇచ్చాడు.

"ఆడోళ్ల పేర్లు గట్లనే ఉంటయా తమ్మీ?"

ఆ మిద్దె మీద ఆ మాట నేరుగా అడిగింది ఆయనొక్కడే.

"అది తర్వాత చూద్దాంలే అన్నా. ఇది ఆట గురించి."

"ఆట గురించే అయితె ఉంటయి గద మరి?"

సిద్ధయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున బస్సు కదిలింది. మా పేర్లు లేవు. రాజన్న పేరు ఉంది. "నీ సీటు నీకుంది, రాన్నా," అని కిటికీలోంచి పిలిచారు. ఆయన వాకిట్లో చేతులు కట్టుకుని, "మీరు పోండ్రి. మేం ఎనమండుగురం ఉన్నం," అన్నాడు. పఠాన్ మా వైపు చూడలేక అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు. బస్సు పోయాక నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేను నోరు తెరవకపోయి ఉంటే ఆయన కెప్టెన్‌గా ఉండేవాడేమో అన్నాను.

"అడిగేటోళ్లు లేకుంటె వాళ్లు చేతులు ఇంకింత తొందరగ లేపుదురు. నువ్వు జెప్పినంకనే కొంచెం ఆగిండ్రట," అన్నాడు రాజన్న. "లే, బియ్యం ఎన్ని ఉన్నయో చూడు."

పదిరోజుల తర్వాత సులైబియాలో ఉల్లిగడ్డల లారీ ఒకటి మాట్లాడాడు. ఉల్లి పొట్టులో కూర్చుని ఎనిమిది మందిమీ బయల్దేరాం. సరిహద్దులో సైనికుడు మా వేలిముద్రల కాగితాలు చూశాడు, అటూ ఇటూ తిప్పాడు, పొమ్మని చేయి ఊపాడు. "యల్లా." అంతే. ఆ ఒక్క మాటకు భయపడి మమ్మల్ని వదిలేసి పోయారు!

జోర్డాన్ వైపు గుడారాల్లో మా బస్సు వాళ్ళు ఇంకా విమానం కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. గుడ్డలు చుట్టి బంతి చేసుకుని ఆడుతున్నారు. మేము దిగేసరికి గట్టిగా వాదన నడుస్తోంది. దేని గురించో తెలుసా? సిద్ధయ్యను మధ్యలో ఉంచాలా తీసేయాలా అని! రాజన్నను చూడగానే, "అన్నా, ఒకడు తక్కువైనాడు, రా!" అని పిలిచారు. ఆయన చెప్పులు విప్పి వెళ్ళాడు. వెళ్ళి సిద్ధయ్యకే బంతి అందించాడు.

ఆట అయ్యాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. "సిగ్గు లేదా నీకు? తీసేసినోళ్ళే గదా!"

"ఔ, తీసేసిండ్రు," అన్నాడు, ఇసుక దులుపుకుంటూ. "పదిరోజులసంది గుడారంల కూసుంటె పిచ్చి లేస్తది చెల్లె. నాకైనా, వాళ్లకైనా."

ఆ మాట నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు. ఆ రోజు వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నేను.

ఊరికి వచ్చాక రెండేళ్ళకు ఆయన దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో ఒకతను చదివిపెట్టాడు. నాలుగు పేజీల ఉత్తరాన్ని నాలుగు మాటల్లో ముగించాడు. మిగతాది ఏముందంటే "మామూలే" అన్నాడు. యాభై దాటాక బడి వరండాలో అక్షరాలు దిద్దుకుని, నేను మొదట చదివింది ఆ మామూలునే. ఏడుగురిలో ఎవరు ఎలా ఉన్నారో పేరుపేరునా అడిగాడు. అప్పటికే ఆయన చనిపోయి చాలా కాలమైంది.

నిరుడు మా ఊళ్ళో, గల్ఫ్‌లో కష్టపడి వచ్చిన పెద్దలకు సన్మానం చేశారు. మొదటి శాలువా సిద్ధయ్యకు. ఇప్పుడు తల నెరిసి, మనవళ్ళున్న పెద్దమనిషి. మైకు పట్టుకుని, "ఆ యుద్ధంలో ఏడుగురు ఆడబిడ్డలను మా జట్టు కాపాడుకొచ్చింది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను మూడో వరసలో ఉన్నాను. లేచాను.

"సిద్ధయ్యా, మీ బస్సులో మేము లేము."

ఎవరో చెయ్యి పట్టి లాగారు. "పెద్దమ్మా, ఇది సభ, కూర్చో." సిద్ధయ్య నవ్వుతూ, "అవన్నీ అప్పటి ఆట గొడవలు లేక్కా," అన్నాడు. ఆ మిద్దె మీద లాగే మళ్ళీ జనం నవ్వారు. నా మాటను మళ్ళీ నా మీదికే తిప్పుతారని తెలుసు. తెలిసీ కూర్చోలేదు. మమ్మల్ని ఎవరు వదిలేశారో, ఎవరు నిలబడ్డారో చెప్పాను. ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పాను. రాజన్న పేరు దగ్గరికి వచ్చేసరికి మైకు కట్టేసి పాట పెట్టారు. నాకు మైకు ఎవరిచ్చారు గనక? పాట కంటే గట్టిగా ఆ పేరు చెప్పాను.