పోలమ్మ కోసం కొల్లేరు దాకా

తమిళుల నుంచి మన తెలుగు రాష్ట్రం వేరుపడిన మరుసటేడు డిసెంబరు సెలవుల్లో, తాడేపల్లిగూడెంలో ఉదయం ఏడింటి పాసింజరు ఎక్కాను. పంతులమ్మను గనుక సెలవుల్లో తప్ప నాకు కాలు కదలదు. పని ఏలూరు కోర్టులో. మా అమ్మను చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన పనిమనిషి పోలమ్మ మీద తాతగారు గొలుసు దొంగతనం కేసు పెట్టారు. ఆ ఏడే గొలుసు గాదె అడుగున దొరికింది. పరువు తక్కువని తాతగారు ఆ మాట పైకి రానివ్వలేదు. పోలమ్మ మళ్ళీ మా గడప తొక్కలేదు. "జైల్లోనే పోయిందేమోనే, కనుక్కోవే" అని అరవయ్యో పడిలో పడ్డ అమ్మ ఇప్పటికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఏలూరు స్టేషను ఎదుట పెసరట్టు తిని (అల్లం బాగా దట్టించాడు, వెళ్ళేవాళ్ళు తప్పక తినండి) కోర్టుకు నడిచాను. అక్కడి ప్లీడరైన మా బాబాయి ముందే అనుమతి తెచ్చిపెట్టారు. గుమాస్తాగారు పాత కట్ట దులిపి, "ఇలాంటి కేసులు చూడ్డానికి ఆడవారు రావడం ఇదే మొదలండీ" అన్నారు.

"మా ఇంటి కేసేనండీ" అన్నాను.

మొగుడి పేరడిగితే ముద్దాయి నోరు విప్పలేదు, ఏదో దాస్తోంది అని ఆ కాగితాల్లో రాసుకున్నాడు అప్పటి తెల్లదొర మేజిస్ట్రేటు. మొగుడి పేరు నోటితో చెప్పే ఆడది ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఎక్కడుందో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. ఆ మౌనానికి పోలమ్మను వాయిదా దాకా జైల్లో ఉంచారు. నాకు ఒళ్ళు మండింది. వాయిదానాడు జనంలోంచి ఒకతను లేచి, తానే మొగుణ్ణని, పేరు సోమయ్య అని, కొల్లేటి లంకలో ఉంటానని చెప్పాడట. సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు. హమ్మయ్య, జైల్లో పోలేదు! మరి వదిలేశాక మా ఇంటికెందుకు రాలేదో కాగితాల్లో లేదు.

ఆ రాత్రి బాబాయిగారింట్లో పడుకుని, పొద్దున బస్సులో కొల్లేటి ఒడ్డుకు చేరాను. అక్కణ్ణించి తాటిదోనె. మధ్యన కూర్చుని కదలకుండా ఉంటే భయం లేదు. గూడబాతులు తెల్లగా బారులు తీరి ఉన్నాయి.

"పోలమ్మలు మా లంకలో ఇంటికొకళ్ళండి. మొగుడెవరండీ?" అన్నాడు దోనె నడిపేవాడు.

"సోమయ్య."

"అలా సెప్పండి! తాత పోయేడండి, మామ్మ ఉంది."

ఎనభైకి దగ్గరపడ్డ ముసలమ్మ అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. నేనెవరి కూతుర్నో చెప్పగానే నా బుగ్గలు నిమిరి, "మా బుజ్జమ్మ బాగుందా?" అంది. తర్వాత మెల్లగా, "గొలుసు దొరికిందామ్మా?" అని అడిగింది.

"దొరికిందండీ. ఆ ఏడే."

"మరి పిలవలేదేం? దొంగనని పంపేసిన ఇంటికి పిలవకుండా ఎలా వత్తాను? కబురొత్తాదని సూసి సూసి ఊరుకున్నాను."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "అమ్మ తరఫున ఇప్పుడు పిలవడానికొచ్చాను. రండి" అన్నాను.

పోలమ్మ వల పక్కన పెట్టి లేచింది. చేపల పులుసుతో కడుపునిండా అన్నం పెట్టి, రెండు చీరలు మూటగట్టుకుని, నాకన్నా ముందు దోనె ఎక్కింది.

ఏలూరులో సాయంత్రం బండి. కిక్కిరిసినా కిటికీ పక్కన చోటు దొరికింది. పోలమ్మ తోవంతా చేల వంక చూస్తూనే ఉంది. ఇంత తృప్తిగా నేను ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు.

"ఎంతవరకండీ మామ్మగారూ?" అంది ఎదుటి బల్ల మీదావిడ.

"గూడెమమ్మా," అంది పోలమ్మ, కొంగు సర్దుకుని. "మా పిల్ల పిలిసింది."