కే త్రీకి పేరు పెట్టిన రేవతి

రేవతికి కోపం రాదని ఆఫీసులో అందరికీ ఒక భ్రమ. కోట ఊరి నుంచి రెండు బస్సులు మారి కృష్ణపట్నం దగ్గరి లారీ యార్డుకు వచ్చి పడే మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? బయటపెట్టదు, అంతే.

యార్డుకు రెండు గేట్లు. ఏ గేటులో లారీకి టోకెన్ ఇచ్చినా నంబరు ఒకే ఫైల్లో పడాలి. ఒక గేటు రాస్తున్నంతసేపూ ఫైలుకు తాళం పడుతుంది, రెండోది ఆగాలి. ఆ తాళం వేసే కంప్యూటరు కోడు ఎనిమిదేళ్ల కిందట మేనేజరు నరేంద్రబాబు రాశాడు. అందులోని ఆదేశాలకు ఆయన పెట్టిన పేర్లు కే వన్, కే టూ, కే త్రీ. వాటి అర్థం ఆయనకే తెలుసు. ఆ మాటకొస్తే ఆయనకూ తెలియదు. రేవతి మూడుసార్లు అడిగితే మూడు జవాబులు చెప్పాడు.

"చదవడానికి వీలుగా పేర్లు మారుస్తా సార్."

"నడస్తా ఉండేదాన్ని కెలికేదెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

ఏం నడవడం! లారీల రద్దీ పెరిగాక రెండో గేటులో ఇచ్చిన నంబరే మొదటి గేటులోనూ వచ్చి డ్రైవర్లు ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. రెండో గేటు ఆపరేటరు హెబ్రోను నంబర్లు అమ్ముకుంటున్నాడని తేల్చి నరేంద్రబాబే పని మాన్పించాడు. ఊరికే ఇచ్చిన టీ కూడా తాగని మనిషి హెబ్రోను. మనిషి లేక ఆ గేటు మూశారు. డబుల్ నంబర్లు ఆగిపోయాయి. "చూసినావా?" అన్నాడు నరేంద్రబాబు, కేసు గెలిచిన ప్లీడరులాగా.

నాలుగు నెలలకు ఆయన చుట్టాల పెళ్లికని సెలవు పెట్టాడు. రేవతి ఇక ఎవర్నీ అడగలేదు. ఏ పేరు ఏ పని చేయిస్తుందో కోడులోనే చూసుకుంది. కే వన్ ఉన్నచోటల్లా 'తాళం వెయ్' అని, కే టూ ఉన్నచోటల్లా 'తాళం తీసేదాకా ఆగు' అని, కే త్రీ ఉన్నచోటల్లా 'ఆగకుండా రాసెయ్' అని అర్థమయ్యేలా ఇంగ్లిషు పేర్లు పెట్టి, పైనుంచి చదివింది. మొదటి గేటు దగ్గర 'ఆగు' ఉంది. రెండో గేటు దగ్గర 'ఆగకుండా రాసెయ్' ఉంది. రెండు గేట్లలో ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ఒకే నంబరు. హెబ్రోను ఏమీ అమ్ముకోలేదు. రేవతికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

తిరిగొచ్చిన నరేంద్రబాబు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ తగ్గలేదు. "సరే, సరిచెయ్. మార్పుకు కారణం రాసే చోట 'చదవడానికి వీలుగా' అని రాయి, చాలు."

రేవతి రాసింది: "చదవడానికి వీలుగా పేర్లు మార్చాను. చదివితే తప్పు మన కోడుదని, హెబ్రోనుది కాదని తెలిసింది." రాసి, యజమానికి కూడా పంపింది.

సోమవారం రెండో గేటు తెరిచారు. యజమాని పిలిపిస్తే హెబ్రోను వచ్చి కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. రేవతి ఆయన దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన నెమ్మదిగా విన్నాడు.

"ఆ పేర్లు మార్చేదానికి ఎంతసేపు పట్టిందమ్మా?"

"నలభై నిమిషాలన్నా."

"నాలుగు నెల్లు ఇంట్లో కూర్చున్నా. నిజం చెప్పు నాయనా అని నా కూతురు కూడా అడిగింది" అన్నాడు హెబ్రోను.