వానకాలం లేని సముద్రం

మొన్న ఆదివారం మీరాలం మండిలో చింతపండు కొని తిరిగి వస్తుంటే ఎండు రొయ్యల వాసన తగిలింది. ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోయేవాళ్ళే ఎక్కువ. నా కాళ్ళు మాత్రం ఆ బుట్టల ముందు ఆగిపోయాయి. "ఎంత తూకమెయ్యాలె అమ్మా?" అని దుకాణంలో ఆవిడ అడుగుతూనే ఉంది. ఒక్క రొయ్యను అరచేతిలో పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మన పట్నానికి సముద్రం గిట్లనే వస్తది బిడ్డా, ఎండిపోయి" అంటూ నవ్వే యాదగిరి సార్ ఎదురుగా నిలబడ్డట్టే అనిపించింది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆ వాసన వస్తే చాలు, నాకు దుఃఖం ఆగదు.

సార్ హుస్సేనీ ఆలంలో పాలవ్యాపారం చేసుకునే కుటుంబంలో పుట్టారు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. సముద్రం వాసనే లేని ఊళ్ళో పుట్టిన మనిషికి రొయ్యపిల్లల మీద ఎందుకంత పిచ్చి పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు గానీ, గోదావరి సముద్రంలో కలిసే చోట రొయ్యలు ఎప్పుడు గుడ్లు పెడతాయో, వాటి పిల్లలు ఏ కాలంలో ఎటు వెళతాయో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదని ఢిల్లీలో కూడా ఒప్పుకునేవారు. ఎనభైల మొదట్లో ఆ తీరానికి ఎదురుగా, సముద్రంలో చమురు బావులు తవ్వాలని ప్రభుత్వం అనుకుంది. తవ్వితే నీటికీ, చేపలకూ, రొయ్యలకూ ఏమవుతుందో తెలుసుకోవడానికి ప్రభుత్వ శాఖే ఒకటి కొన్నేళ్ళు పరిశోధన చేసింది. ఆ పరిశోధనను నమ్మి ముందుకు పోవచ్చా లేదా తేల్చమని బయటి నిపుణులతో ఒక సంఘం వేశారు. సార్ దానికి అధ్యక్షులు, నేను కార్యదర్శిని.

పని మాట్లాడుకోవడానికి మలక్‌పేట నుంచి బస్సెక్కి మొదటిసారి ఆయన ఇంటికి వెళ్ళాను. ముందు కొట్టంలో బర్రెలు, వెనక గదిలో సీసాల్లో రొయ్యపిల్లలు. నాకు నోరు ఊరుకోదు. కూర్చున్న వెంటనే అడిగేశాను. "చేసినోళ్ళు గూడ సైంటిస్టులే గద సార్. మళ్ళ మనం చూసేదేంది?"

సార్ కొట్టం వైపు చూపించారు. "మా బాపు పాలు పోసేటప్పుడు లాక్టోమీటర్ కొనేటోళ్ళ చేతిలనే పెట్టెటోడు. నా పాలు మంచియని నేనే చెప్పుకుంటె ఏం లాభం? గంతే మన పని. గీంట్ల ఎవ్వరిని దొంగ అనుడు లేదు."

ఆ మాట చెప్పినంత తేలికగా ఆ పని సాగలేదు. ఎందుకంటే ఆ పరిశోధన నడిపింది దామోదర్. సార్ దగ్గర చదువుకున్నవాడు. తండ్రి లేని పిల్లవాడు. చదువుకున్నన్నాళ్ళూ సార్ ఇంట్లోనే తిన్నాడు. సార్ దంపతులకు పిల్లలు లేరు. అమ్మ, అంటే సార్ భార్య, బోనాల పండుగకు ముందు వాడికి బట్టలు కుట్టించి గానీ తాను కొత్త చీర కట్టేది కాదు. ఈ సంగతి సార్ దాచలేదు. మొదటి సమావేశంలోనే, "వాడు నాకు కొడుకసొంటోడు, నన్ను తీసెయ్యున్రి" అని చెప్పేశారు. రొయ్యపిల్లల సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారని మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. ఆ రోజు ఇంటికి వెళుతూ ఆయన మొజంజాహీ మార్కెట్‌లో ఆగి ఒక ఫ్లాస్కు కొన్నారు.

ఎందుకో నాకు మరుసటి వారం అర్థమైంది. దామోదర్ కార్యాలయానికి వెళ్ళాం. గురువు గారు వస్తున్నారని అతను మంచి చాయ్ తెప్పించి, తానే కప్పులో పోసి తీసుకొచ్చాడు. సార్ సంచిలోంచి ఫ్లాస్కు తీసి, మూతలో తన చాయ్ పోసుకున్నారు.

"గిదేంది సార్? నా చాయ్ తాగరా?" అన్నాడు దామోదర్ నవ్వుతూనే.

"పని అయ్యేదాంక తాగ బిడ్డా. ఏమనుకోకు."

దామోదర్ ఆ కప్పును బల్ల చివరన పెట్టాడు. సమావేశం అయిపోయేదాకా నాకు దాని మీది నుంచి చూపు మరల్లేదు. తల్లి లాంటి అమ్మ చేతి చాయ్‌తో పెరిగినవాడికి ఇలా చేయాలా అని నాకు లోపల మండిపోయింది. బయటికి వచ్చాక ఆ మాట అనేశాను కూడా. సార్ ఫ్లాస్కు మూత బిగించి సంచిలో పెట్టుకున్నారు.

నెలల తరబడి కాగితాలు చూశాం. పని బాగానే చేశారు. నీటి ఉప్పదనం, బురదలో పురుగులు, వలలో పడ్డ చేపలు, అన్నీ జాగ్రత్తగా రాసి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం సార్ పెన్సిల్ కింద పెట్టారు. "బిడ్డా, గీ సముద్రానికి వానకాలం లేదు" అన్నారు. నాకు మొదట అర్థం కాలేదు. ఏ ఏడు కాగితాలు తీసినా, నమూనాలు తేవడానికి పడవ సముద్రంలోకి వెళ్ళింది సంక్రాంతి తర్వాతే, తిరిగి వచ్చింది మార్చి లోపలే. వానలు పడి గోదావరి ఎర్రబడినప్పుడు రొయ్యపిల్లలు సముద్రంలోంచి పాయల్లోకి వస్తాయి. బావి చమురు కక్కితే అవి చచ్చేది అప్పుడే. ఆ కాలంలో ఒక్కసారి కూడా ఎవరూ వెళ్ళలేదు.

దామోదర్‌ను పిలిచి అడిగితే దాచుకోకుండా చెప్పాడు. "పైసలు జనవరిల రిలీజైతయి సార్. మార్చి ఎండింగుకు లెక్క చెప్పాలె, లేకుంటె వాపసు పోతయి. పైసలు ముందుగాల ఇయ్యున్రని నేను ఫైల్ పెట్టలేదా? మస్తు సార్లు పెట్టిన."

"నువ్వు పెట్టినవు. నాకు నమ్మకమే" అన్నారు సార్. "కని రొయ్యకు మార్చి ఎండింగు తెల్వది గద."

అందరం నవ్వాం, దామోదర్ తప్ప. మన సర్కారు పద్ధతి తెలిసినవాళ్ళెవరికీ అందులో వింత కనబడదు. సముద్రాన్ని కూడా బడ్జెట్ లోపలే చుట్టేస్తారు. కానీ ఆ పరిశోధన కింద సంతకం ఉన్నది దామోదర్‌ది.

నివేదిక పంపించే ముందు రోజు సాయంత్రం అతను హుస్సేనీ ఆలం వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "ఒక్క మాట సార్. నా పని చాలదు అనొద్దు. ఇంకా చేస్తే బాగుంటది అనున్రి. నా మీదకెల్లి గండం పోతది" అన్నాడు.

"అట్ల రాస్తె రేపే తవ్వుతరు దామోదర్. నీ తప్పు కాదని గూడ రాసిన. కని చాలదు అన్నది చాలదే."

అమ్మ ముగ్గురికీ చాయ్ తెచ్చింది, బర్రెపాల చాయ్, దామోదర్‌కు ఇష్టమని అల్లం వేసి. దామోదర్ కప్పు ముట్టలేదు. "తాగు రా" అంది అమ్మ. అతను లేచి చెప్పులు వేసుకున్నాడు. "సార్ తాగలేదు గదమ్మా నా చాయ్" అని వెళ్ళిపోయాడు. ఆ మాట విన్న సార్ మొహం నేను చూడలేకపోయాను. కాసేపటికి ఆయన ఆ కప్పు తీసుకుని, మీగడ కట్టిన చాయ్ తానే తాగారు.

తర్వాత జరిగింది మామూలే. మేం రాసింది పైవాళ్ళు చదివారు. వానకాలం సంగతి చూడడానికి ఇంకొకరిని పెట్టారు. దామోదర్‌ను సముద్రంతో సంబంధం లేని బల్ల దగ్గరికి బదిలీ చేశారు. అతని తప్పు కాదని సార్ రాసిన వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సార్ అతని కోసం రెండు కార్యాలయాలకు వెళ్ళి చెప్పి చూశారు. కూర్చోబెట్టి, విని, పంపించారు.

ఆ ఏడు బోనాలకు దామోదర్ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. గల్లీలో చెప్పుల చప్పుడైతే చాలు, సార్ చదువుతున్నది ఆపేవారు. అమ్మ ఒకరోజు నా ఎదుటే అనేసింది. "సంతకం అయిపాయె, పని అయిపాయె. ఇంక నువ్వే పోయి వాని ఇంట్ల చాయ్ తాగి రారాదు?"

"పిలిస్తె పోత" అన్నారు సార్, తల ఎత్తకుండా.

నాకు ఆయన మీద ఎంత గౌరవమో, ఆ ఒక్క మాట మీద అంత కోపం. ఫ్లాస్కు మోసినంత కాలం ఆయన చేసింది ధర్మమే. దించాక కూడా పిలుపు కోసం కూర్చోవడం ఏ శాస్త్రంలో ఉంది?

కొన్నేళ్ళకు, ఒక చలికాలంలో సార్ పోయారు. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, పక్కింటి రహీం భాయ్ ఇంటి నుంచి కేతిలితో చాయ్ వచ్చింది. అప్పుడు వచ్చాడు దామోదర్. జుట్టు నెరిసింది. సార్ కాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరో చేతిలో పెట్టిన కప్పును అట్లాగే పట్టుకున్నాడు. చాలాసేపటికి నాతో అన్నాడు. "బదిలీ అయిన ఏడే వానకాలంల సముద్రానికి పోయిన సుగుణక్కా. లీవు పెట్టి, జాలరోళ్ళ పడవ మాట్లాడుకొని. సార్ చెప్పిందే నిజం. ఎర్ర నీళ్ళల్ల వల ఏస్తె పిల్లలే పిల్లలు. సార్‌కు చెప్దామని ఎన్నోసార్లు గల్లీ దాంక వచ్చిన. ఏ మొకం పెట్టుకొని రావాలె అని మళ్ళిపోయిన."

అమ్మ విన్నది. ఏడవలేదు. "పిలిస్తె వస్తనన్నడు బిడ్డా. నువ్వు పిలువకపోతివి" అంది. దామోదర్ అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మరెక్కడా వినలేదు. గల్లీలో జనం తొంగి చూశారు.

ఫ్లాస్కు అమ్మ నాకిచ్చింది. మూతకు సొట్ట పడింది గానీ చాయ్ ఇప్పటికీ వేడిగానే ఉంచుతుంది. తర్వాత నన్నూ అలాంటి సంఘాల్లో కూర్చోబెట్టారు, ఇప్పటికీ పిలుస్తుంటారు. ఎక్కడికి వెళ్ళినా దాన్ని తీసుకెళతాను, వాళ్ళ చాయ్ ముట్టను. ముసలిదానికి చాదస్తమని వెనక నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పోయిన నెల ఒక అమ్మాయి చేసిన పని చూశాం. కష్టపడి చేసింది, కానీ చాలదు. అదే రాసి సంతకం పెట్టాను. ఆమె కళ్ళు నిండడం చూశాను కూడా.

మర్నాడు ఆటో ఎక్కి ఆమె ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, నన్ను చూసి, గడపలోనే నిలబడింది. "చాయ్ పోస్తవా బిడ్డా?" అని అడిగాను. లోపలికి వెళ్ళి, పెట్టుకొచ్చింది. కోపంతోనో, కంగారుతోనో అందులో చక్కెర వెయ్యలేదు. నేను అడగలేదు. అడుగు దాకా తాగి, కప్పు ఆమె చేతికే ఇచ్చి వచ్చాను.